పావులూరి గణితము: మతము, ప్రమాణము

పావులూరి మల్లన పేరు ఆంధ్రవాఙ్మయ చరిత్రలలో వచ్చినంతనే దాని వెంట కాలవాదమును వచ్చును. పీఠాపురము దాపున నున్న నవఖండవాడను రాజరాజనరేంద్రునివలన గ్రహించినవాడు గ్రంథకర్తయా, ఆతని తాతయా? మొదటి పక్షమున మల్లన నన్నయకు సమకాలికుడగును. రెండవ పక్షమున రెండు తరముల యీవలివాడగును. ఈ వాదమును గూర్చి పండితులు వ్రాసినదంతయు నొకచోట జేర్చినచో, ఆతని గణితమును గూర్చి వ్రాసినదానికంటె నదియే యెక్కువ యగును. ఆ చర్చ యక్కరలేనిదని మేమనుట లేదు. కాని గ్రంథమును అవతారికతో ముగించి మూసివేయు నలవాటు మన తెలుగు శాఖలలో బలపడినది. పద్యములలో నున్నది గనుక మనము చదువవలెను. లెక్కలలో నున్నది గనుక మనకు బట్టదు. ఈ రెంటి నడుమ గ్రంథము మిగిలిపోయినది.

ఈ వ్యాసమున కాలవాదమును విడిచి, మల్లన చేసిన యొక పనిని విమర్శింప దలచినాము. మహావీరాచార్యుడను జైనుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. శైవుడైన మల్లన దానిని సారసంగ్రహగణితమను పేర తెలుగు చేసెను. చేయునపుడు జైనప్రసక్తులను దీసివేసి వాని చోట శైవమును నిలిపెను. లెక్కలను నిలుపుకొనెను. ఇంత సులువుగా చెప్పదగిన యీ విషయమున, మతమునకును విజ్ఞానమునకును గల సంబంధమును గూర్చి నేడు విజ్ఞానతత్త్వవేత్తలు పడుచున్న చిక్కులలో ముఖ్యమైనది యొకటి యిమిడియున్నది.

ఆ సంబంధమును గూర్చి మన దేశమున రెండు మాటలు తరచు వినబడును. విజ్ఞానమంతయు మన మతగ్రంథములలో ముందే యున్నదనునది యొకటి. మతమున్నచోట విజ్ఞానము పెరుగజాలదనునది రెండవది. సభలలో నీ రెండు మాటలకును చప్పట్లు కలవు. ఈ రెండును మల్లన గ్రంథము నెదుట నిలువవని మా యభిప్రాయము. మొదటి మాట నిజమైనచో, జైనమతమునుండి పెరికి శైవమతమున నాటిన గణితము వాడిపోవలసియుండెను. రెండవ మాట నిజమైనచో, ఆ గణితము మొదటనే మొలవకుండవలెను.

మూలమును ముందు చూతము. మహావీరుడు క్రీస్తుశకము 9వ శతాబ్దివాడు; రాష్ట్రకూటప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున నుండెను. ఆతని గ్రంథమును 1912లో మదరాసున రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో ప్రకటించిన పిమ్మట ప్రపంచమునకది తెలిసినది. జినస్తుతితో గ్రంథమారంభమగును. అందు తీర్థంకరుడు సంఖ్యాజ్ఞానమను దీపముతో జగత్తును వెలిగించినవాడు. పిమ్మట గణితప్రయోజనములను గూర్చిన ప్రశంస వచ్చును: లౌకికమునకు, వైదికమునకు, జైనసమయమునకు, వైద్యమునకు, వంటకు, నాట్యమునకు, ఛందస్సునకు, గ్రహణములకు, ద్వీపసముద్రముల కొలతలకు, దేవలోక నరకలోకములందలి నివాసముల లెక్కకు సయితము గణితమే యాధారమని ఆయన చెప్పును. దీనిని కవిసమయమని తోసివేయరాదు. జైనులు తమ శాస్త్రమును నాలుగు అనుయోగములుగా విభజించి, లోకస్వరూపమును, దాని పరిమాణములను చెప్పుదానిని వానిలో నొకటిగా నుంచినారు. అనగా వారికి గణితము శాస్త్రమునకు వెలుపలి పనిముట్టు కాదు. శాస్త్రములో నొక యంగము. పెద్ద పెద్ద సంఖ్యలపైని, అనంతములోని భేదములపైని వారికి గల యాసక్తి అక్కడినుండియే పుట్టినది. మహావీరుడు ఏకము మొదలు మహాక్షోభము వరకు 24 స్థానములకు పేర్లు పెట్టెను. తీర్థంకరులును 24 మందియే. ఈ రెంటికిని ముడిపెట్టి యొక పరిశోధనవ్యాసము వ్రాయుటకు నుత్సాహపడు విద్యార్థు లుండవచ్చును. ఆచార్యుడు ఆ మాట యనలేదు గనుక మనమును అనకుందుము.

ఇక మల్లన. తాను కమ్మనాటిలోని పావులూరికి విభుడనని చెప్పుకొనెను. ఆ పావులూరు ఇంకొల్లు చెంతనున్న యూరే యని పలువురు తలచుచున్నారు. 1970కి పూర్వము గుంటూరు జిల్లాలోను, పిమ్మట ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను లెక్కకు వచ్చుచున్న నల్లరేగడి నేల అది. విభుడనగా ఊరి కరణమని పెద్దలు వ్యాఖ్యానించిరి. కరణమన్నచో భూమి కొలత, పంట లెక్క, పన్ను లెక్క యాతని చేతిపనియే. నేడా నేలలో ప్రత్తియు మిరపయు పండుచున్నవి. మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి రాకకు పిమ్మట వచ్చిన పంట గనుక మల్లన దానిని ఎరుగడు. కాని గుంటూరు మిరపయార్డులో ఇన్ని బస్తాల తూకమునకు ఇంత ధరయైనచో అన్నిటి కెంత యని రైతు వేసుకొను లెక్క త్రైరాశికమే. దానిని మల్లన బాగుగ నెరుగును.

కమ్మనాడు జైనమునకు క్రొత్తచోటు కాదు. 10వ శతాబ్దిలో తూర్పు చాళుక్యుడైన రెండవ అమ్మరాజు వేయించిన మలియపూండి శాసనము కటకాభరణ జినాలయమునకు గ్రామదానమును చెప్పుచున్నది. ఆ గ్రామము కమ్మనాటిలోనిదే. కావున మల్లన తాతముత్తాతల నాటికి ఆ ప్రాంతమున జినాలయములకు రాజాదరణ కలదు. తరువాతి కాలమున శైవము విజృంభించినది, జైనము క్షీణించినది. శైవసాహిత్యములో జైనులపై గల ద్వేషము ఎంత తీవ్రమైనదో పాల్కురికి సోమనాథుని చదివినవారికి చెప్పనక్కరలేదు. ఇట్టి పరిణామము జరుగుచున్న దేశమున నొక శైవుడు జైనుని గ్రంథమును చేతబట్టి, ఇది నాకు కావలెనని తెలుగు చేయుట సామాన్యమైన పని కాదు.

విమర్శకులు కొందరు దీనిని మతాభిమానముగా గ్రహించి, మూలకర్త యిష్టదైవమును తొలగించుట న్యాయమా యని యడుగుదురు. మరికొందరు, మల్లనకు మతముతో పనిలేదు, ఆతడు శుద్ధవిజ్ఞాని యందురు. రెండు మాటలును తొందరపాటే. మతముతో పనిలేనివాడు జినుని తొలగించి యూరకుండును. శివుని తెచ్చి నిలుపడు. మతాభిమానమే సర్వమైనవాడు జైనగ్రంథమును ముట్టడు. మల్లన మతమును విడువలేదు, గణితమును విడువలేదు. ఒకదానితో రెండవదానికి ఋజువు కట్టలేదు, అంతే.

ఇందు జరిగినదేమో యొక చిన్న యుదాహరణముతో స్పష్టపరతుము. లెక్క మాది, మూలములోనిది కాదు. కొన్ని పూవులు కలవు. వానిలో సగము ఒక దేవునకును, మూడవవంతు గురువునకును సమర్పింపగా ఐదు మిగిలినవి. మొత్తమెన్ని? సగమును మూడవవంతును కలిసి ఆరింట ఐదు వంతులు. మిగిలిన ఆరవవంతు ఐదు గనుక మొత్తము 30. దేవుడు జినుడైనను శివుడైనను ముప్పదియే. ఇంతదాక ఎవరును కాదనరు. కాని భక్తుడొకడు దేవుని యెదుట పూవులను పంచు దృశ్యము లేకున్నచో ఈ లెక్కను ఈ రూపమున ఎవరు పుట్టించి యుందురు? ప్రశ్న పూజనుండి వచ్చినది. జవాబు పూజనుండి రాలేదు. జర్మనీ దేశపు తత్త్వవేత్త హాన్స్ రైకెన్‌బాక్ 1938లో సిద్ధాంతము తోచిన సందర్భమును, సిద్ధాంతము ఋజువైన సందర్భమును వేరుచేసి చూడవలెనని చెప్పెను. ఆ భేదమును చెప్పుటకు పావులూరి గణితముకంటె తేలికగా నర్థమగు దృష్టాంతము మాకు కనబడలేదు.

భాషలో నీ విషయము మరింత సూక్ష్మముగా గోచరించును. మన గణితకవులు సంఖ్యలను భూతసంఖ్యలతో చెప్పుదురు: చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, శరములనగా ఐదు, రుద్రులనగా పదునొకండు, ఆకాశమనగా సున్న. పురాణము తెలియనివాడు సంఖ్యను చదువలేడు. ఐతే మహావీరుని నిఘంటువు కొంత వేరు. ఆయనకు తత్త్వమనగా ఏడు. జైనులకు తత్త్వము లేడే. సాంఖ్యమునకు లోబడిన మన సంప్రదాయమున తత్త్వమనగా ఇరువదియైదు. ఆయనకు కర్మ యనగా ఎనిమిది, జినుడనగా ఇరువదినాలుగు. ఒకే తత్త్వశబ్దము ఒక మతమున ఏడును, మరియొక మతమున ఇరువదియైదును అగుచున్నది! తత్త్వమెన్ని విధములన్న వివాదమున జైనునకును సాంఖ్యునకును ఎన్నటికిని పొత్తు కుదరదు. ఏడును పదునెనిమిదియు కలసి ఇరువదియైదు అనుటలో వారికి వివాదమే లేదు. భాష మతమునకు లోబడినది, లెక్క లోబడలేదు. అనువాదకుడు మతమును మార్చినచో ముందు పదములను మార్చుకొనవలసివచ్చును; అప్పుడు సంఖ్య మారకుండ జూచుకొనవలెను. మల్లన పడిన శ్రమ యిక్కడనే యున్నది. దీనిని పద్యరచనాశ్రమముగా మాత్రమే యెంచుట పొరపాటు.

మతము లెక్కకు అలంకారము మాత్రమే యని మేము తేల్చుచున్నామని కొందరు తలపవచ్చును. అంత తేలికగా తేలదు. సున్నతో భాగహారమును చూడుడు. ఒక రాశిని సున్నచే భాగించినను అది మారదని మహావీరుడు చెప్పెను. అది తప్పు. ఆతనికంటె ముందు 628లో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నచే భాగించిన సున్నయే వచ్చునని చెప్పెను, అదియు నిలువదు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు బీజగణితమున అట్టి రాశికి ఖహరమని పేరు పెట్టి, దానికి ఎంత చేర్చినను, దానినుండి ఎంత తీసినను మార్పు లేదని చెప్పి, ప్రళయమున జీవులు లీనమైనను, సృష్టియందు వెలువడినను మార్పులేని అచ్యుతునితో పోల్చెను. ఆ పోలిక సొగసైనది. సొగసు మాత్రమే కాదు. అనంతమునకు పరిమితమును కలిపిన అనంతమే యగునను భావమును పట్టుకొనుటకు ఆతనికి ఆ భక్తియే చేయూతయైనదని మేము నమ్ముచున్నాము. కాని ఆ పోలిక భావమును చూపినది; ఋజువు చేయలేదు. దానిని నమ్ముకొని ఖహరమును తిరిగి సున్నచే గుణించి మొదటి రాశిని రాబట్టబోయినచో చిక్కు వచ్చును. ఆ చిక్కును అచ్యుతుడు తీర్పడు. జైనుని తప్పును జైనము చేయలేదు. వైష్ణవుని యొప్పును వైష్ణవము చేయలేదు. ఐనను ఆ ప్రశ్నల వెంట అంతదూరము పోవుటకు వారికి ధైర్యమిచ్చినది వారి మతములే.

ఇట్టి విభజనమును మతమునకు అవమానముగా భావింపనక్కరలేదు. ఫ్రాన్సు దేశపు భౌతికవేత్త పియేర్ దుహేమ్ నిష్ఠగల కాథలిక్కు. ఆతని భౌతికశాస్త్రము భక్తుని భౌతికశాస్త్రమని యొక విమర్శకుడు ఆక్షేపింపగా, 1905లో ఆతడు సమాధానము వ్రాయుచు, తన శాస్త్రమున విశ్వాసము దేనికిని ప్రమాణముగా నిలువలేదని వాదించెను. మన దేశమున శంకరుడు గీతాభాష్యమున నిప్పును చల్లనిదనుటను గూర్చిన ప్రసిద్ధదృష్టాంతముతో, ప్రత్యక్షమునకు గోచరమగు విషయమున దానికి విరుద్ధముగా పలుకునపుడు శ్రుతికి సయితము ప్రామాణ్యము లేదని చెప్పెను. గుంటూరు జిల్లా సంగంజాగర్లమూడిలో 1924లో జన్మించిన కొత్త సచ్చిదానందమూర్తిగారు అద్వైతమున శ్రుతికిని యుక్తికిని గల సంబంధమును గూర్చి 1959లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమును మన విద్యార్థులు తత్త్వశాస్త్రశాఖవారిదని విడిచిపెట్టుచున్నారు. ప్రమాణములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క విషయము కలదన్న ప్రాచీనుల యెరుకను పట్టుకొననిదే మల్లన వంటి శాస్త్రకవులను విమర్శించుట కుదరదు.

ఇచట మా వాదమునకు ఒక యెల్లను మేమే గీయవలసియున్నది. గణితమున తీర్పు లెక్కలోపలనే దొరకును. తాళా చూచుకొనిన చాలును. ఆకాశమును గూర్చిన శాస్త్రమున నట్లు కాదు; అక్కడ కన్ను సాక్ష్యమీయవలెను. మల్లన గణితముతో పోల్చదగిన కఠినమైన దృష్టాంతము మన పంచాంగము. సూర్యసిద్ధాంతము సూర్యాంశపురుషుడు మయాసురునకు ఉపదేశించినదని ప్రతీతి. అనగా అది జ్యోతిర్గణితమును, ఆర్షవాక్యమును గూడ. తిథి వృద్ధి ఐదు ఘడియలకును, క్షయము ఆరు ఘడియలకును మించరాదను పూర్వపద్ధతివారి నియమము దృగ్గణితముతో సరిపడదు. తెలుగు దేశమున రెండు పద్ధతుల పంచాంగములును నడచుచున్నవి. ఒకే పండుగ రెండు దినములగుచున్నది. పూర్వపద్ధతివారిలో పెక్కురు గ్రహణమునకు మాత్రము దృక్కునే యంగీకరింతురు. కారణము స్పష్టము: గ్రహణమును ఊరంతయు చూచును, తిథ్యంతమును ఎవరును చూడరు. శాస్త్రవాక్యము కంటికి దొరకుచోట వెనుకకు తగ్గి, దొరకనిచోట నిలిచినది. విజ్ఞానమనిపించుకొనదలచిన సిద్ధాంతము తాను ఏ సాక్ష్యమున తప్పగునో ముందే చెప్పగలుగవలెనని కార్ల్ పాపర్ 1934లో ప్రతిపాదించిన పరీక్షకు ఈ వివాదము చక్కని యుదాహరణము. శ్రాద్ధమునకు తిథిని అదృష్టఫలముకొరకు శాస్త్రమునుబట్టి గ్రహింతుమని వారనినచో, అది మతవిషయమై నిలుచును. మాకు ఆక్షేపణ లేదు. చంద్రుడు అచటనే యున్నాడని కూడ అనినచో, చంద్రుని అడుగవలసినదే.

రైతునకు ఇది పుస్తకవివాదము కాదు. ప్రకాశము, గుంటూరు సీమల రేగడి నేలలలో దుక్కికిని విత్తుటకును పెద్దలు కార్తెలనే గురుతు పెట్టుకొనిరి. కార్తె సూర్యుడు నక్షత్రములలో నుండు స్థానమును బట్టి వచ్చును; ఋతువు విషువమును బట్టి వచ్చును. విషువము జరుగుచున్నందున సుమారు 70 ఏండ్లకొక దినము చొప్పున ఈ రెండును ఎడమగుచున్నవి. నేడు జూన్ 7, 8 తేదీలకు వచ్చు మృగశిరకార్తె, మల్లన నాడు ఋతువును బట్టి చూడగా పన్నెండు దినములకు మించి ముందుగా వచ్చుచుండెను. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణసంఘము 1955లో నివేదికనిచ్చి, విషువము ననుసరించు శకవర్షమును సూచించినది. 1957 మార్చి 22 నుండి అది ప్రభుత్వమున అమలునకు వచ్చినది. పల్లెలో దానిని ఎరిగినవారు కొద్దిమంది. సామెతలు కార్తెల పేరనే యున్నవి. వానిని మూఢత్వమని నిందించుట తగదు. ఒకనాడు కంటితో చూచి కట్టిన సామెత అది. పిమ్మట చూచుట మాని వల్లించుచున్నాము. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు, పూర్వశాస్త్రములలో ఆశ్లేషార్ధమునుండి చెప్పబడిన దక్షిణాయనము తన కాలమున కర్కాటకాదినుండి జరుగుచున్నదని వ్రాసి, భేదము కలిగినపుడు ప్రత్యక్షముగా పరీక్షింపవలెనని చెప్పెను. ఆతడు ఆస్తికుడే, సూర్యోపాసకుడే.

మరల మల్లనకడకు వత్తము. ఆతని పేర వ్యాప్తిలో నున్న చదరంగపు గడుల పద్యమును మనలో చాలమంది చిన్ననాడు విన్నవారే. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, ఇట్లు రెట్టించుచు 64 గడులు నింపినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగును. ఇరువది అంకెల యీ సంఖ్యను ఒక్క వృత్తములో భూతసంఖ్యలతో బిగించినారు. ఛందస్సు అడిగినచోట నాలుగునకు వేదము, మరొకచోట బ్రహ్మముఖము. ఈ పద్యమును గూర్చి అలంకారవిశేషములు చెప్పుటకంటె ముఖ్యమైన పని యొకటి కలదు. తాళపత్రములలో ఇట్టి పద్యములకు పాఠభేదములు పుట్టుట సహజము. వేదమున్నచోట తర్కమని లేఖకుడు వ్రాసినచో గణములకు భంగము లేదు, అర్థమునకును పైకి భంగము లేదు. నాలుగు ఆరగును, అంతే. ప్రబంధములో అట్టి చోట పరిష్కర్త ప్రతుల సంఖ్యను, ప్రాచీనతను, కవి శైలిని చూచి పాఠమును నిర్ణయించును. ఇచట నవి రెండవ పక్షపు సాక్ష్యములు. ఒకటిని అరువదినాలుగు మార్లు రెట్టించి ఒకటి తీసివేసినవానికి సరియైన పాఠమేదో ఏ ప్రతియును చూడకయే తెలియును. అట్లే సంఖ్యాస్థానమున తత్త్వమను పదము కనబడినచో, అది మూలములోని జైనపదము మిగిలినదా, మల్లన తన సంప్రదాయమునుండి తెచ్చుకొన్నదా యని ఊహలు చేయక, ముందు ఏడుతోను, పిమ్మట ఇరువదియైదుతోను లెక్క చేసి చూడవలెను. జవాబునకు కుదిరినది పాఠము. కవి యే మతపు నిఘంటువును వాడెనో అప్పుడు తెలియును. మల్లన గ్రంథము నంతటిని మహావీరుని మూలముతో పద్యమునకు శ్లోకము చొప్పున సరిపోల్చి, మార్చిన ప్రతి దేవతాపదమును, మార్చిన ప్రతి కొలతను, విడిచిన ప్రతి యుదాహరణమును పట్టికగా వేయుట మన శాఖలలో నొక విద్యార్థికి మూడేండ్ల పని. ఆ విద్యార్థికి తెలుగు ఛందస్సుతోపాటు భిన్నములును రావలెను.